ఒక చెట్టు, ఒక కీర్తన, అరగంట: హైదరాబాదులో ఉంటూనే సృష్టిని చూసి దేవుణ్ణి ధ్యానించడం ఎలా?

"ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అనే పంతొమ్మిదో కీర్తన మొదటి మాట మనలో చాలామందికి నోటికి వచ్చు. సండే స్కూల్లో అప్పజెప్పిన వాక్యమే. కానీ పొద్దున లేచింది మొదలు ఆఫీసు క్యాబ్, మెట్రో, ట్రాఫిక్, పిల్లల ఫీజులు, ఈఎంఐల టెన్షన్‌తో గడిచే రోజుల్లో ఆ ఆకాశం వైపు తలెత్తి చూసేది ఎప్పుడు? వాన వస్తుందేమోనని ఒకసారి, డాబా మీద బట్టలు తీయడానికి వెళ్లినప్పుడు ఒకసారి. అంతే.

ప్రకృతిలో దేవుణ్ణి ధ్యానించాలంటే అరకుకో ఊటీకో వెళ్లాలని మనకొక అభిప్రాయం. వెళ్లగలిగితే తప్పకుండా వెళ్లండి. అయితే యేసు ప్రభువు చింతలో ఉన్న మనుషులకు చూపించింది దూరపు శిఖరాలను కాదు. వాళ్ల తలల మీదుగా ఎగిరే పక్షులను చూపించాడు, నేడు పొలంలో ఉండి రేపు పొయ్యిలో పడే గడ్డిపువ్వును చూపించాడు. అవి రెండూ హైదరాబాదులో కావలసినన్ని ఉన్నాయి.

మొత్తం పద్ధతి దేని మీద నిలబడిందో ముందే చెప్తాను. అర్థం కోసం తొందరపడకండి. చెట్టు కింద కూర్చోగానే "ప్రభువా, దీనితో నాకేం చెప్తున్నావు?" అని అడిగేసి, రెండు నిమిషాల్లో ఏమీ తట్టకపోతే నిరాశగా లేచిపోయేవాళ్లు చాలామంది. ముందు ఆ చెట్టును చూడాలి. అది ఏ చెట్టు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దాన్ని నమ్ముకుని ఏమేం బతుకుతున్నాయి అన్నది తెలియాలి. చూడటం మన పని. చూసినదానికి అర్థం వాక్యం చెబుతుంది, అది కూడా తనకు తోచిన వేళలో.

ఒక హద్దు కూడా గుర్తుంచుకుందాం. మనం చెట్టుకు మొక్కడం లేదు, కొండలో ఏదో శక్తి ఉందని అనుకోవడం లేదు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఈ రెండు సంగతులూ పక్కపక్కనే పెట్టాడు. దేవుని నిత్యశక్తి, దైవత్వం సృష్టిని చూస్తే తేటపడతాయని 20వ వచనంలో అన్నాడు. సృష్టికర్తను విడిచి సృష్టాన్ని పూజించడం ఎంత పెద్ద పొరపాటో 25వ వచనంలో అన్నాడు. అలాగే సృష్టి దేవుని శక్తిని చూపిస్తుంది గానీ సిలువను చూపించదు. పాపక్షమాపణ సంగతి ఏ చెట్టూ చెప్పదు. అందుకే బైబిలు వెంట ఉండాలి, ఆదివారం సంఘంలోనూ ఉండాలి. పార్కు చర్చికి బదులు కాదు.

మొదటి పని: దగ్గరి చోటు ఒకటి ఎంచుకోవడం

నెలకోసారి వెళ్లే పెద్ద పార్కు కంటే రోజూ కనిపించే చెట్టు మేలు. ఎందుకంటే మార్పు కనిపించాలి. ఒకే చెట్టును ఆకు రాలినప్పుడు, చిగురేసినప్పుడు, పూసినప్పుడు, వానకు తడిసినప్పుడు చూస్తేనే మీకు దానితో పరిచయం కుదురుతుంది. వీధి చివర వేప, కాలనీ పార్కులో కానుగ, చర్చి ఆవరణలో రావి, అపార్ట్‌మెంట్ గోడ పక్కన మునగ, ఏదైనా సరే. ఏ చెట్టూ లేకపోతే డాబా ఎక్కండి. ఆకాశం, గద్దలు, సాయంత్రం గూళ్లకు చేరే పక్షుల బారులు ఉంటాయి. మంచం మీదున్న పెద్దవాళ్లకు కిటికీ చాలు. వాళ్ల మంచాన్ని కిటికీ వైపు తిప్పడం మనం చేయగల మంచి సేవ.

అప్పుడప్పుడు వెళ్లడానికి కొన్ని పెద్ద చోట్లు కూడా గుర్తుపెట్టుకోండి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం. ఉదయం నడకకు వెళ్తే నెమళ్లు కనిపిస్తాయి. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడికి వలస పక్షులు వస్తాయి, ఫ్లెమింగోలతో సహా. చెరువు గట్లకూ గుట్టలకూ మాత్రం చీకటి పడ్డాక వెళ్లొద్దు, పగలైనా ఒంటరిగా వద్దు. చెల్లెలినో, స్నేహితురాలినో, సంఘంలో ఒక తమ్ముడినో తోడు తీసుకెళ్లండి. పక్కన కూర్చుని మౌనంగా ఉండగలిగే మనిషి అయితే ఇంకా మంచిది.

వేళ మీ ఇష్టం. మార్కు సువార్త 1:35లో ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని చదువుతాం. మన ఎండాకాలానికి కూడా ఆ వేళే సరి, ఏడు దాటితే బండలు కాలడం మొదలవుతుంది. నైట్ షిఫ్టు చేసేవాళ్లు దీన్ని చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. 104వ కీర్తనలో రాత్రికీ చోటుంది. చీకటి పడ్డాక అడవి జంతువులు తిరుగుతాయి, సింహం పిల్లలు తమ ఆహారం దేవుని చేతి నుంచే అడుగుతాయి, పొద్దు పొడిచాక మనిషి పనికి బయల్దేరి సాయంకాలం దాకా పాటుపడతాడు. ఎవరి వేళ వాళ్లకి దేవుడే పంచి ఇచ్చాడు. మాదాపూర్‌లో తెల్లవారుజామున డ్యూటీ దిగి క్యాబ్ కోసం నిలబడ్డ అమ్మాయి కూడా అక్కడి చెట్టు మీద నిద్ర లేస్తున్న పక్షులను చూస్తూ ఈ కీర్తన చదువుకోవచ్చు.

రెండో పని: వాక్యం ముందే చదువుకుని వెళ్లడం

ఫోన్లో బైబిలు తెరిస్తే వాక్యం కంటే ముందు వాట్సాప్ కనిపిస్తుంది. కాబట్టి ఇంట్లోనే నాలుగైదు వచనాలు చదివి, ఒక చీటీ మీద చేత్తో రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో ఉంచండి. ఇయర్‌ఫోన్లు వద్దు. క్రైస్తవ పాటలైనా సరే, ఆ అరగంట వద్దు.

మొదటి నెలంతా 104వ కీర్తనే చాలు. అందులో ఊటలు, వాటి ఒడ్డున కొమ్మల మధ్య పాడే పక్షులు, దేవదారు చెట్లు, కొంగల గూళ్లు, కొండమేకలు, చంద్రుడు, సముద్రం, అందులో తిరిగే ఓడలు అన్నీ వస్తాయి. రోజుకు నాలుగు వచనాల చొప్పున తీసుకుంటే తొమ్మిది రోజుల్లో పూర్తవుతుంది. మళ్లీ మొదటి నుంచి చదవండి. రెండోసారి చదివేటప్పుడు మీరు స్వయంగా చూసినవి అందులో కనిపించడం మొదలవుతుంది. తర్వాత 8, 19, 65, 147, 148 కీర్తనలు, యోబు 38 నుంచి 41 అధ్యాయాలు, మత్తయి 6 తీసుకోండి.

చెట్టు దగ్గరికి చేరాక చీటీ ఒక్కసారి చదివి జేబులో పెట్టేయండి. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న 46వ కీర్తన మాట మనసులో అనుకుని, నాలుగు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదలండి. ఆ ఊపిరి కూడా ఆయనదే, ఆదికాండం రెండో అధ్యాయం చెప్పినట్టు.

మూడో పని: చూడటం. ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

కనీసం పదిహేను నిమిషాలు ప్రార్థించకండి, పాఠాలు వెతకకండి. చూడండి, అంతే. మనసు అటూ ఇటూ పరిగెత్తితే తిట్టుకోకుండా మళ్లీ చెట్టు వైపు తెచ్చుకోండి.

మార్చి నెలలో వేపచెట్టు దగ్గరికి వెళ్లారనుకుందాం. దూరం నుంచి అది పచ్చగా, మామూలుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి కొమ్మ చివర చూడండి. కొత్త ఆకు పచ్చగా ఉండదు, రాగిరంగులో ఉంటుంది. ఎంత పల్చగా ఉంటుందంటే వెనక ఎండ పడితే ఈనెలన్నీ లెక్కపెట్టవచ్చు. ఆకు అంచు రంపంలా ఉంటుంది. మధ్య ఈనెకు రెండు వైపులా సగాలు సమానంగా ఉండవు, ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. పూత గోరు కంటే చిన్నది, అయిదు తెల్ల రేకులు. చేదుకు మారుపేరైన చెట్టు పువ్వుకి తేనె వాసన. సాయంత్రమైతే ఆ వాసన వీధంతా నిండుతుంది. బెరడు పగుళ్ల వెంట చీమల బారు పైకొకటి, కిందికొకటి. ఎదురుపడ్డ ప్రతి చీమా ఒక్క క్షణం ఆగి మీసాలు తాకించి వెళ్తుంది. ఎక్కడో పైన కంసాలి పిట్ట సుత్తితో రాగిరేకు కొట్టినట్టు టుక్ టుక్ మంటూ ఆగకుండా పిలుస్తుంది. శబ్దం వినిపిస్తుంది గానీ పిట్ట కనిపించదు. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ పిట్ట, నుదుట ఎర్రటి మచ్చ. దాన్ని కనిపెట్టేసరికి మీ పదిహేను నిమిషాలూ అయిపోతాయి.

దీనిలో ఆత్మీయత ఏముంది అని అడగవచ్చు. ఉంది. మనం తొక్కుకుంటూ వెళ్లే ఆ పువ్వును ఆయన ఎవరి మెప్పూ కోరకుండా అంత శ్రద్ధగా చేశాడు. కొన్ని కోట్ల పువ్వులు ఎవరూ చూడకుండానే రాలిపోతాయి. సొలొమోను కూడా తన వైభవమంతటితో వీటిలో ఒకదానిలా అలంకరించుకోలేదని ప్రభువు అన్నప్పుడు, ఆయన పువ్వును ఎంత దగ్గరగా చూసి ఉంటాడో అప్పుడు అర్థమవుతుంది. కంటితో చూడకముందు ఆ వచనం మనకు వట్టి ఊరట మాట. చూశాక అది సాక్ష్యం.

ఇంటికి వచ్చాక ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రెండు వాక్యాలు రాయండి. మొదటిది చూసినది, రెండోది ప్రభువుతో చెప్పాలనిపించినది. రెండోది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. మొదటిది మాత్రం ఖాళీగా వదలొద్దు.

నాలుగో పని: చూసినదాన్ని వాక్యం పక్కన పెట్టడం

ఇది నిదానంగా జరిగే పని. వేపచెట్టు సంగతే ఇంకొంచెం చెప్తాను. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు ఎండిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. కొమ్మల చివర్లు మాడిపోయి, చెట్టుకు చెట్టే నిప్పు తగిలినట్టు గోధుమరంగుకు తిరిగింది. శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అని శాస్త్రవేత్తలు చెప్పారు. వేపకే తెగులా అని ఊళ్లలో జనం భయపడ్డారు. అది కరోనా రెండో వేవ్ వచ్చిన ఏడాది కూడా. మనలో చాలామంది ఇళ్లలో మనుషులు పోయారు. ఆ తర్వాత ఎండిన చెట్లలో చాలా వాటికి కాండం మీదే కొత్త చిగుళ్లు పుట్టాయి.

యోబు 14వ అధ్యాయం ఈ చెట్టు పక్కన కూర్చుని చదవండి. నరికిన చెట్టుకైనా నమ్మకం ఉంది, వేరు నేలలో పాతదైపోయినా నీటి వాసన తగిలితే అది చిగురుస్తుంది అంటాడు యోబు. అక్కడ ఆగితే అది మంచి ప్రసంగం అవుతుంది. కానీ యోబు ఆగలేదు. చెట్టుకు ఆ నమ్మకం ఉంది, మరి మనిషి చనిపోతే? అని నిలదీశాడు. బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి అడిగిన ప్రశ్న అది. చిగురించే చెట్టును తలుచుకుని ఊరట కలగకపోగా ఆయన గుండె ఇంకా మండింది. మీ పరిస్థితీ అలాగే ఉంటే, చెట్టు చూసి బలవంతంగా స్తోత్రం చెప్పకండి. యోబు అడిగినట్టే అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వేపచెట్టు దగ్గర లేదు. ఖాళీ సమాధి దగ్గర ఉంది. సృష్టి మనలో ప్రశ్న లేపుతుంది, సువార్త జవాబిస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎంత అవసరమో ఈ అధ్యాయం చూపించినంతగా ఇంకేదీ నాకు చూపించలేదు.

ఇక కాకి. లూకా 12:24లో ప్రభువు ప్రత్యేకంగా కాకుల సంగతే ఆలోచించమన్నాడు. లేవీయకాండం 11లో కాకి అపవిత్రమైన పక్షుల జాబితాలో ఉంది. గుడిలో అర్పణకు పనికిరాని పక్షి, విందుకు పనికిరాని పక్షి, అయినా దేవుడు దాన్ని పోషిస్తున్నాడు అన్నాడు. వేసవిలో మన వీధిలో కాకి గూడు కట్టేటప్పుడు గమనించండి. ఎండుపుల్లలతో పాటు తీగ ముక్కలు కూడా ఏరుకొస్తుంది. పిల్లలు పుట్టాక పొద్దుగూకేదాకా ఎన్నిసార్లు నోటికి తిండి తెస్తుందో లెక్కపెట్టడం కష్టం. పక్షుల్ని దేవుడు పోషిస్తాడంటే అవి ఊరికే కూర్చుంటే నోట్లో పడుతుందని కాదని అప్పుడు తెలుస్తుంది. ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్లకు ఈ సంగతి మరీ అవసరం. వెతుక్కోవడం అవిశ్వాసం కాదు.

అదే గూట్లో కోకిల గుడ్డు కూడా ఉండవచ్చు. కాకి తెలియక కోకిల పిల్లనూ పెంచుతుంది, కొన్నిసార్లు సొంత పిల్లలు తిండి చాలక చచ్చిపోతాయి. దీన్ని నీతికథగా మార్చొద్దు, కళ్లు మూసుకోవద్దు కూడా. సృష్టి అంతా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని రోమా 8:22 చెప్పింది. తీపి దృశ్యాలే ఏరుకుని ధ్యానిస్తే మన విశ్వాసం గ్రీటింగ్ కార్డు దగ్గరే ఆగిపోతుంది.

జాగ్రత్త: ప్రతిదీ సూచన కాదు

నెమలి కనిపించింది కాబట్టి ఈ సంబంధం ఖాయం చేసుకోమని దేవుని చిత్తం, వాన ఆగింది కాబట్టి ఆ ఫ్లాటు కొనమని సెలవిచ్చాడు అని అనుకోకండి. అది శకునం చూడటమే, పేరు మార్చుకుంది అంతే. పిల్లి ఎదురైతే ఆగిపోయే అలవాటును విడిచి వచ్చినవాళ్లం మనం. నిర్ణయాలు తీసుకునేటప్పుడు వాక్యం, ప్రార్థన, పెద్దల సలహా ఉన్నాయి. సృష్టి మనకు దేవుడు ఎలాంటివాడో చెబుతుంది. ఏ ఫ్లాటు కొనాలో చెప్పదు.

బండల దగ్గర

హైదరాబాదులో ఉండి బండలను ధ్యానించకపోతే పెద్ద భాగ్యాన్ని పోగొట్టుకున్నట్టే. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. దుర్గం చెరువు చుట్టుపక్కల, ఖాజాగూడ గుట్టల మీద, మౌలాలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండ దగ్గర చూడండి. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అంతా ఒకటే రాయి. దాని పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. మెత్తబడిన భాగం వానలకు కొట్టుకుపోయింది, గట్టిది నిలబడింది.

ఉదయాన్నే వెళ్లి ఒక బండకు వీపు ఆనించి కూర్చోండి. 18వ కీర్తనలో దావీదు దేవుణ్ణి నా శైలము, నా కోట, నా ఆశ్రయదుర్గము అంటాడు. ఎండలో తిరిగి తిరిగి బండ నీడకు చేరినవాడే ఆ మాట అనగలడు. 90వ కీర్తన కూడా ఇక్కడే చదవండి. పర్వతాలు పుట్టకముందే, యుగయుగాలకూ నీవే దేవుడవు అని మోషే చేసిన ప్రార్థన. ఇన్ని కోట్ల ఏళ్ల రాయి ఆయన ముందు నిన్నటిది అనుకుంటే, మన అప్రైజల్ టెన్షన్ ఎంత? అది చిన్నదని కాదు, దాన్ని మోయగల చెయ్యి చాలా పెద్దదని.

అదే గుట్టకు అవతలి పక్క ఒక్కోసారి డ్రిల్లింగ్ శబ్దం వినిపిస్తుంది. ఎన్నో బండలను పేల్చి మేడలు కట్టాం. పోయినవి తిరిగి రావు. ఆ బాధ కూడా ప్రార్థనలో చెప్పుకోవలసిందే.

వరద గుర్తుకొచ్చినప్పుడు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది పోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. వీలైతే ఒకసారి చూసి రండి.

అక్కడ నిలబడితే "దేవుడు ఆ 150 మందిని కాపాడాడు" అనాలనిపిస్తుంది. అనండి, నిజమే. కానీ కొట్టుకుపోయినవాళ్లను ప్రేమించలేదని మాత్రం అనుకోకండి. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులా అని ప్రభువే అడిగి, కాదు అన్నాడు. 2020 అక్టోబరు వానలకు ఇళ్లు మునిగిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. వాళ్ల దగ్గర వాన అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట మనసులో ఉంచుకోవాలి.

ఆ 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. ఆ నీళ్లు తాగే ఈ నగరం పెరిగింది. ఏదెను తోటను సేద్యం చేయమని, కాయమని దేవుడు మనిషిని అందులో ఉంచాడని ఆదికాండం 2:15లో ఉంది. గట్టు కట్టడం, నాలా మీద ఇల్లు కట్టకపోవడం, చెరువును కబ్జా కాకుండా చూడటం కూడా ఆ కాయడంలో భాగమే అని నేను నమ్ముతాను.

ఏడాది పొడవునా

ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ నలభై రోజుల్లో మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటీ లేని కొమ్మ మీద నిప్పుకణికల్లాంటి పువ్వులు. కేబీఆర్ పార్కులోనో వికారాబాదు వైపు దారిలోనో చూసి యెషయా 53 చదవండి. ఈస్టర్‌కి వేప, మామిడి కాయతో ఉంటాయి, రేల చెట్టు పసుపు గుత్తులకు సిద్ధమవుతుంది. మేలో దాహం మీద ధ్యానించండి, 42వ కీర్తన. జూన్‌లో తొలకరి పడగానే ఖాళీ జాగాల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ఎర్రటి మఖమల్ గుడ్డతో చేసినట్టు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లి చూపించండి, పట్టుకోనివ్వకండి. పెంతెకొస్తు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది, 104వ కీర్తన 30వ వచనం దానికి సరిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో తంగేడు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు, రోడ్డు పక్కన బంగారంలా పూస్తుంది. ప్రభువు చూడమన్న అడవిపువ్వు మనకు అదే. చలికాలంలో, క్రిస్మస్ ముందు, అమీన్‌పూర్ వలస పక్షులు.

పాలపిట్ట ఎప్పుడు కనిపించినా ఆగండి. తీగ మీద కూర్చుని ఉంటే మట్టిరంగు పిట్టే, ఎవరూ పట్టించుకోరు. ఎగిరిందా, రెక్కల్లో దాచుకున్న నీలమంతా ఒక్కసారి బయటపడుతుంది.

పిల్లలతో

పిల్లలకు ప్రసంగం వద్దు. ఒక కుండీలో మెంతులు చల్లించండి, మూడు నాలుగు రోజుల్లో మొలక వస్తుంది. ఒక గింజను తవ్వి తీయించి చూపించండి, గింజ గింజగా మిగలదు, పగిలి ఉంటుంది. అప్పుడు యోహాను 12:24 చదవండి, గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందన్న మాట. వాళ్లు అడిగే ప్రశ్నలకు మీకు జవాబు రాకపోతే రాదనే చెప్పండి.

చివరి పని: చూసినదాన్ని కాపాడటం

"భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే" అని 24వ కీర్తన. ఆయనదైనదాన్ని చూసి ఆనందించి, వస్తూ వస్తూ బిస్కెట్ కవరు అక్కడే పడేస్తే ఆ అరగంట దండగ. కొన్ని పనులు మన ఇంటి నుంచి, మన సంఘం నుంచే మొదలుపెట్టవచ్చు.

వాక్యం రాసిన రేకు బోర్డులను చెట్లకు మేకులు కొట్టి పెడుతున్నాం. దయచేసి మానేద్దాం. మేకు దిగినచోట బెరడు చీలి తెగులు చేరుతుంది. దేవుడు చేసినదాన్ని గాయపరుస్తూ దేవుని ప్రేమను ప్రకటించలేం. బోర్డు గోడకు పెట్టుకోవచ్చు. ప్రేమవిందుకు థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసుల బదులు విస్తరాకులు, స్టీలు గ్లాసులు తీసుకురండి. కడగడానికి యవనస్తులు ముందుకు రావాలి, స్త్రీల సమాజం మీద వదిలేయకూడదు. వేసవిలో డాబా మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ మార్చండి. సంక్రాంతికి మన పిల్లలు గాలిపటాలు ఎగరేస్తే నైలాన్ మాంజా కొననివ్వకండి. పక్షుల రెక్కలను తెగ్గోస్తుంది, బండి మీద వెళ్లే మనుషుల మెడలనూ కోస్తుంది.

సంఘంగా చేయాలనుకుంటే సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా మంచి సమయం. అనేక దేశాల్లో సంఘాలు దాన్ని సృష్టి కోసం ప్రార్థించే కాలంగా పాటిస్తున్నాయి. అక్టోబరు 4 సృష్టిని ఎంతో ప్రేమించిన భక్తుడు అస్సీసీ ఫ్రాన్సిస్ జ్ఞాపకదినం. ముందుగా పాస్టరుగారితో మాట్లాడి ఒక శనివారం ఉదయం కుదుర్చుకోండి. పది, పదిహేను మంది దాటొద్దు, ఎక్కువమంది వస్తామంటే రెండు శనివారాలుగా విడదీయండి. మైకు, కీబోర్డు వద్దు. గేటు దగ్గర కీర్తన ఒకరు చదవాలి, తర్వాత అరగంట ఎవరి చెట్టు దగ్గర వాళ్లు. మళ్లీ కూడినప్పుడు ఒక్కొక్కరు తాము చూసిన ఒక్క సంగతి చెప్పాలి, ప్రసంగం చేయకూడదు. నడవలేని పెద్దవాళ్లకు మడత కుర్చీలు, అందరికీ తాగునీళ్లు ముందే చూసుకోండి. టిఫిన్ స్టీలు డబ్బాల్లో తెచ్చుకోమని బుధవారం ప్రార్థన కూడికలోనే చెప్పేయండి, శుక్రవారం రాత్రి గ్రూపులో పెడితే సగం మంది చూడరు.